తెర మీద ఒక రంగు, ఆల్బమ్‌లో ఒక రంగు

పెళ్లి ఆల్బమ్ ల్యాబ్ నుంచి వచ్చిన రోజు చాలా ఊళ్లలో ఒకే పంచాయితీ నడుస్తుంది. పెళ్లికూతురి మొహం నల్లబడిందని, పట్టుచీర ఎరుపు ఇటుక రంగుకు తిరిగిందని, మధుపర్కాల తెలుపులో నేత మాయమైపోయిందని ఇంటివాళ్లు నిలదీస్తారు. ఫొటోగ్రాఫర్ ల్యాబ్‌ను తప్పు పడతాడు. ల్యాబ్‌వాళ్లు మాకు ఫైలు ఎలా వచ్చిందో అలాగే వేశామంటారు. తరచి చూస్తే ఇద్దరి మాటా నిజమే అయ్యుంటుంది. తప్పు తరచుగా ఆ ఇద్దరి మధ్యా కూర్చున్న వస్తువుది, అంటే ఏ మానిటర్ మీద చూసి కలర్ కరెక్షన్ చేశారో ఆ మానిటర్‌ది. లక్ష రూపాయల కెమెరా, దానికి తగ్గ లెన్సు, ఫ్లాష్‌లు అన్నీ ఏరికోరి కొన్నవాళ్లు కూడా చివర్లో ఫొటోను ఏ తెర మీద చూసి తీర్పు చెబుతారో దాని గురించి ఆలోచించరు. ఆలోచించినా బజారు వాళ్లను తప్పుదారి పట్టిస్తోంది. పది వేలో ఇరవై వేలో చేతిలో పెట్టుకుని వెళ్లినవాడికి సైజు, 4కే, హెచ్‌డీఆర్, 144 హెర్ట్జ్ అంటూ అతని పనికి అక్కరలేనివి అంటగడుతున్నారు. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు దేనికి ముందు ఖర్చు పెట్టాలో, దేన్ని వదిలేయాలో తెలిస్తే ఆ మొత్తంతోనే మంచి పని జరుగుతుందన్నది నా వాదన.

ఫొటో ఫైల్లో నిజానికి రంగులుండవు, అంకెలుంటాయి. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు, ఒక్కొక్కటీ 0 నుంచి 255 దాకా. ఆ అంకెలకు ఏ రంగు చూపించాలన్న ఒప్పందం ఒకటి లేకపోతే ఒక్కో తెర ఒక్కోలా చూపిస్తుంది. అలాంటి ఒప్పందమే ఎస్ఆర్‌జీబీ. హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ప్రతిపాదించిన దీన్ని 1999లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ప్రమాణంగా ఆమోదించింది. ఫోన్లు, వెబ్‌సైట్లు, ఆల్బమ్ ల్యాబులు చాలా మటుకు ఈ ఒప్పందం మీదే నడుస్తాయి. కాబట్టి మానిటర్‌ను మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎస్ఆర్‌జీబీలో ఉన్న రంగులన్నీ ఇది చూపించగలదా? చవక ల్యాప్‌టాప్‌లలో చాలావాటి వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953 నాటి అమెరికా కలర్ టీవీ కొలమానం. ఆ లెక్కను ఎస్ఆర్‌జీబీలోకి మారిస్తే మూడింట రెండు వంతులు కూడా రాదు. అలాంటి తెర మీద కుంకుమ ఎరుపు, పారాణి, బంతిపూల నారింజ అన్నీ వెలవెలబోతాయి. చూసేవాడు రంగు చాల్లేదనుకుని సాచురేషన్ పెంచుతాడు. ఆ ఫైలు ల్యాబుకు వెళ్లేసరికి ఎరుపు పొంగిపొర్లుతుంది, చీర మడతల్లోని నీడలన్నీ కలిసిపోయి ఒకే ఎర్రటి ముద్దగా తేలుతాయి. తెర లోపాన్ని మనిషి ఫొటో లోపమనుకుని దిద్దాడు. లేని జబ్బుకు మందు వేశాడన్నమాట.

రంగుల కంటే ఎక్కువ ఆల్బమ్‌లను పాడుచేస్తున్నది వెలుతురు. దాన్ని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. కొత్త మానిటర్ అట్టపెట్టెలోంచి బయటికి తీసి పెట్టగానే సాధారణంగా 250 నుంచి 350 నిట్స్ (తెర వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగుతో మండుతూ ఉంటుంది. షాపులో పక్కపక్కన పెట్టినప్పుడు ఎక్కువ వెలిగేదే మేలైనదిగా కంటికి ఆనుతుంది కాబట్టి కంపెనీలు అలా పెట్టి పంపుతాయి. ఎస్ఆర్‌జీబీ ప్రమాణం రాసినప్పుడు ఊహించిన తెర వెలుగు 80 నిట్స్ మాత్రమే. ముద్రణ కోసం ఫొటోలు దిద్దేవాళ్లు సాధారణంగా 80 నుంచి 120 మధ్య పెట్టుకుంటారు. 240 నిట్స్‌కూ 120 నిట్స్‌కూ మధ్య తేడా రెట్టింపు, అంటే ఫొటోగ్రాఫర్ల భాషలో ఒక స్టాప్. కెమెరాలో ఒక స్టాప్ తేడా వస్తే గగ్గోలు పెట్టే మనిషి తెర మీద అదే ఒక స్టాప్‌ను రోజంతా చూస్తూ కూడా గుర్తించడు. వెలుగు ఎక్కువైన తెర మీద ఫొటో తెల్లగా కనిపిస్తుంది, దాన్ని తగ్గిస్తాడు. తగ్గించిన ఫైలు కాగితం మీద చీకటిగా దిగుతుంది. కాగితానికి సొంత వెలుగు లేదు, దాని మీద పడే వెలుతురే దాని బలం. మంచి గ్లాసీ ఫొటో కాగితం మీద అత్యంత తెలుపుకీ అత్యంత నలుపుకీ మధ్య తేడా సుమారు 200 రెట్లు. సాధారణ మానిటర్‌లో అది 1000 రెట్లు. తెర మీద నీడల్లో తేటగా కనిపించిన వివరం కాగితం మీద మునిగిపోయేది ఇక్కడే.

ఈ మునక అందరికీ సమానంగా తగలదు. చామనఛాయ మొహాలు, నల్లటి మొహాలు, నూనె రాసి దువ్విన జడలు, చీకటి పడ్డాక తీసిన సన్నికల్లు దగ్గరి ఫొటోలు ముందు దెబ్బతింటాయి. తెల్లటి చర్మమైతే ఒక స్టాప్ తగ్గినా మొహం మొహంలాగే ఉంటుంది. మన మొహాలు ఆ ఒక స్టాప్‌తో కళ్ల కింద, గడ్డం కింద ఆకారం కోల్పోతాయి. ఫిల్మ్ రోజుల్లో కొడాక్ ల్యాబులకు పంపిన షిర్లీ కార్డుల మీద తెల్లజాతి స్త్రీ ఫొటో ఉండేది, ప్రింటర్లను ఆ చర్మానికే సరిచూసేవారు, తతిమ్మా చర్మాలన్నీ దాని తర్వాతే. డిజిటల్ వచ్చాక ఆ కార్డు పోయింది గానీ నష్టపోయే మొహాలు మాత్రం మారలేదు. దీనికి మనవాళ్లు కనిపెట్టిన విరుగుడు ఇంకా బాధాకరం: ఆల్బమ్‌లో మొహం నల్లబడుతోందని ముందే భయపడి అందరి చర్మాన్నీ తెల్లబరిచేస్తున్నారు. తల్లి ఛాయ, కూతురి ఛాయ, అత్తగారి ఛాయ ఒకటైపోయి మనుషులు పిండిబొమ్మల్లా మిగులుతున్నారు. అందం మీద ఉన్న అపోహ ఇందులో పెద్ద భాగమే. కానీ ఉన్నదున్నట్టు దిద్దుదామనుకున్న డిజైనర్ చేతిలో కూడా నమ్మదగిన తెర లేకపోతే అతనికి వేరే దారి దొరకడం లేదు.

ఇక ప్యానెల్ సంగతి. చవక మానిటర్లలో మూడు రకాలుంటాయి: టీఎన్, వీఏ, ఐపీఎస్. టీఎన్ ప్యానెల్‌లో తల రెండంగుళాలు కిందికి దించితే మొహం రంగు మారిపోతుంది, పైకి ఎత్తితే ఇంకో రంగు. చాలావాటిలో ఒక్కో రంగుకు 64 మెట్లే ఉంటాయి, మిగతావి మిణుకుమిణుకులతో ఉన్నట్టు భ్రమింపజేస్తారు. ఫొటో పనికి దీన్ని పూర్తిగా మరిచిపోవచ్చు. వీఏ ప్యానెల్ నలుపు అద్భుతంగా ఉంటుంది, 3000 రెట్ల కాంట్రాస్ట్ మామూలే. సినిమా చూస్తే ముగ్ధులవుతాం. కానీ సూటిగా చూసినప్పుడు ఒకలా, కాస్త పక్కనుంచి చూసినప్పుడు ఇంకోలా చీకటి ఛాయలు మారతాయి. 27 అంగుళాల తెర ముందు కూర్చున్నవాడికి నడిమధ్య తప్ప మిగతా తెరంతా కాస్త పక్కచూపే. ఐపీఎస్‌ను 1996 ప్రాంతంలో హిటాచీ తీర్చిదిద్దింది సరిగ్గా ఈ కోణాల లోపాన్ని తీర్చడానికే. దాని నలుపు కాస్త బూడిదగా ఉంటుంది, చీకటి గదిలో మూలల్లో తెల్లటి మెరుపు కనిపిస్తుంది. అయినా కాగితం కాంట్రాస్టే 200 అయినప్పుడు ముద్రణ కోసం పనిచేసేవాడికి ఐపీఎస్ ఇచ్చే 1000 చాలు. ఒకప్పుడు ఇది ఖరీదైన సరుకు. ఇప్పుడు 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్ పది వేల రూపాయల చుట్టుపక్కలే దొరుకుతోంది. తక్కువ బడ్జెట్ వాళ్లకు గత పదిహేనేళ్లలో జరిగిన అతిపెద్ద మేలు ఇదేనంటాను.

పెట్టె మీద అంకెల విషయంలో మాత్రం కొంచెం గట్టిగా ఉండాలి. కాంట్రాస్ట్ ఎనిమిది కోట్ల రెట్లు అని కనిపిస్తే అది డైనమిక్ కాంట్రాస్ట్. తెర మొత్తాన్ని ఒక క్షణం ఆర్పి, మరో క్షణం వెలిగించి కట్టిన లెక్క అది. ఒకే ఫొటోలో అది ఎప్పటికీ కనిపించదు. ఎస్ఆర్‌జీబీ 125 శాతం అంటే పరిధి వైశాల్యం పెద్దదని చెబుతున్నారే తప్ప ఎస్ఆర్‌జీబీ రంగులన్నీ అందులో ఉన్నాయని కాదు. అడగాల్సింది కవరేజ్ ఎంత అని, దానికి 95 శాతం పైన జవాబు రావాలి. వెసా సంస్థ 2017 చివర్లో తెచ్చిన డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 400 ముద్ర ఉన్న మానిటర్లు చాలా కనిపిస్తాయి. తెరలో ఒక భాగాన్ని వెలిగించి మరో భాగాన్ని చీకటిగా ఉంచే ఏర్పాటు లేకపోయినా ఆ అట్టడుగు మెట్టు ముద్ర దొరుకుతుంది, కాబట్టి కాగితం పని చేసేవాడికి దానికి ఇచ్చే డబ్బు దండగ. 144 హెర్ట్జ్, ఒక మిల్లీసెకను అన్నవి ఆటలాడే పిల్లలకు కావాలి, నిలకడగా ఉన్న ఫొటోకు కాదు. వంపు తిరిగిన తెర మీద కల్యాణమండపం స్తంభాలు నిటారుగా ఉన్నాయో లేదో తేల్చుకోవడమే కష్టం. ఒక్క అంకెను మాత్రం పట్టించుకోవాలి, అది డెల్టా ఈ. తెర చూపించాల్సిన రంగుకూ చూపిస్తున్న రంగుకూ మధ్య దూరం అది. ఒకటికి లోపు ఉంటే మామూలు కంటికి తేడా తెలియదు, రెండు దాకా ఫరవాలేదు. ఏసుస్ ప్రోఆర్ట్ వరుసలోని 24, 27 అంగుళాల పీఏ248క్యూవీ, పీఏ278క్యూవీ లాంటివి ఎస్ఆర్‌జీబీ నూరు శాతం, డెల్టా ఈ రెండు లోపు అని చెప్పి ఫ్యాక్టరీలోనే సరిచూసి పంపుతాయి. ఇవి చవకబారు సరుకుకూ ఖరీదైన వృత్తి సరుకుకూ మధ్య మెట్టు. బెన్‌క్యూ, డెల్ కంపెనీల్లోనూ ఆ మెట్టు మీద నిలబడే మానిటర్లున్నాయి.

సైజు దగ్గర మనవాళ్ల మోజు తెలిసిందే. కానీ 27 అంగుళాల తెరలో ఫుల్ హెచ్‌డీ మాత్రమే ఉంటే అంగుళానికి 82 చుక్కలు పడతాయి, అదే ఫుల్ హెచ్‌డీ 24 అంగుళాల్లో 92. పెద్ద తెర కొని చిన్న తెర కంటే తక్కువ స్పష్టతతో పనిచేసినట్టు. కంటి రెప్పల మీద ఫోకస్ ఉందా లేదా అని తేల్చుకోవాల్సినవాడికి ఇది సరైన బేరం కాదు. 27 కావాలంటే 2560×1440 ఉన్నది కొనాలి, చుక్కలు 109కి చేరతాయి. పదిహేను నుంచి ఇరవై వేలలో ఐపీఎస్‌లోనే అది దొరుకుతోంది. 24 అంగుళాల్లో 1920×1200 దొరికితే ఫొటోషాప్ పట్టీలకు కింద కాస్త జాగా మిగులుతుంది. 4కే బాగుంటుంది, కాదనను. కానీ తక్కువ డబ్బులో 4కే కొంటే ఆ తగ్గింపు రంగుల్లోనో నాణ్యతలోనో బయటపడుతుంది. పైగా పాత ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు ఉంటే 4కే తెర మీద సెకనుకు 30 ఫ్రేములే వస్తాయి, మౌస్ కదిపితేనే చిరాకు పుడుతుంది.

ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు, అది తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. ఎస్ఆర్‌జీబీ చాలా ఇరుకైనదని, 1998లో అడోబీ రూపొందించిన అడోబీ ఆర్‌జీబీయే వృత్తి ప్రమాణమని వాళ్ల మాట. మనిషి కన్ను చూడగల రంగుల పటంలో ఎస్ఆర్‌జీబీ మూడో వంతు పైచిలుకు, అడోబీ ఆర్‌జీబీ దాదాపు సగం ఆక్రమిస్తాయి. ఆ అదనం ఎక్కువగా ఉన్నది ఆకుపచ్చకూ నీలానికీ మధ్య, అంటే సరిగ్గా మన నెమలికంఠం రంగు చీరలు, పాలపిట్ట నీలాలు ఉండే చోట. చిక్కటి నెమలికంఠం పట్టు ఎస్ఆర్‌జీబీలో ఉన్నదున్నట్టు ఇమడదన్న మాట నిజం. అయితే ఆ రంగును తెర మీద చూసి ఏం చేస్తారన్నది ప్రశ్న. ఎక్కువ రంగుల సిరాలతో పనిచేసే ఇంక్‌జెట్ మీద గోడకు తగిలించే ప్రింట్లు సొంతంగా వేసుకునేవాడు, పట్టుచీరల కేటలాగులు అచ్చువేయించేవాడు, పురావస్తువులను రికార్డు చేసేవాడు ఆ అదనపు పరిధిని వాడుకోగలడు. అతను దానికి డబ్బు పెట్టాలి కూడా. ఆల్బమ్ ల్యాబుకు జేపీఈజీ పంపేవాడి సంగతి వేరు. ల్యాబు తీసుకునేదే ఎస్ఆర్‌జీబీ. అడోబీ ఆర్‌జీబీలో పంపితే, ల్యాబు సాఫ్ట్‌వేర్ ఆ గుర్తును పట్టించుకోకపోతే మొహాలు పాలిపోయి వస్తాయి. విశాల పరిధి మానిటర్‌కు ఇంకో పేచీ కూడా ఉంది. రంగుల లెక్క తెలియని ప్రోగ్రాముల్లో అది మామూలు ఫొటోను ఎర్రగా కాగిపోయినట్టు చూపిస్తుంది. దాన్ని అదుపులో పెట్టడానికి ఎస్ఆర్‌జీబీ మోడ్ సరిగ్గా ఉండాలి. చవక విశాల పరిధి మానిటర్లు కొన్నింటిలో ఆ మోడ్ పెట్టగానే బ్రైట్‌నెస్ మార్చుకునే వీలు కూడా పోతుంది. కొనేముందు ఇది తెలుసుకోవాలి. నెమలికంఠం రంగు విషయంలో మాత్రం ఒకటి చెప్పగలను: ఇమడని రంగు ఎటూ ఇమడదు, కానీ సరైన ఎస్ఆర్‌జీబీ తెర మీద అది ఎంత వరకు వస్తుందో ముందే కనిపిస్తుంది, ఇంటివాళ్లకు ముందే చెప్పుకోవచ్చు.

రెండో అభ్యంతరం ఇంకా జనబాహుళ్యంలో ఉన్నది. ఇప్పుడు ఫొటోలన్నీ ఫోన్లోనే చూస్తున్నారు, ఒక్కో ఫోను ఒక్కో రంగు చూపిస్తుంది, సగం మంది వివిడ్ మోడ్‌లో పెట్టుకుంటారు, మనం ఎంత సరిగ్గా దిద్దినా ఏం లాభం అంటారు. ఫోన్లు రకరకాలన్నది ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ రకరకాల తేడాలన్నీ సరైన రంగుకు కాస్త అటూ కాస్త ఇటూ పడతాయి. మూలంలోనే ఫైలు పచ్చబారి ఉంటే, అందరి ఫోన్లలోనూ పచ్చదనం ఒకవైపుకే పోగవుతుంది. మన వైపు నుంచి తప్పు లేకపోతే చూసేవాడికి తన ఫోను తప్పు ఒక్కటే మిగులుతుంది, దానికి అతని కన్ను అప్పటికే అలవాటు పడి ఉంటుంది. చీరలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు ఇది నేరుగా డబ్బు వ్యవహారం. మంగళగిరి, పోచంపల్లి, గద్వాల, వెంకటగిరి నేతవాళ్లు ఇప్పుడు వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో చీరల ఫొటోలు పెట్టి అమ్ముతున్నారు. ఆర్డరిచ్చినావిడకు వంకాయ రంగు బదులు ముదురు గులాబీ చేరితే పార్సిల్ వెనక్కి వస్తుంది, పోనూ రానూ ఖర్చు అమ్మినవాళ్లదే. మగ్గం మీద వారాల తరబడి కూర్చున్న మనిషి కష్టానికి ఫొటో దగ్గర ఇంత నష్టం జరగనక్కరలేదు. ఇక ఆల్బమ్ విషయానికొస్తే, ఫోన్లు రెండు మూడేళ్లకోసారి మారతాయి. ఆల్బమ్ ముప్పై ఏళ్లు బీరువాలో ఉంటుంది.

పాతతరం స్టూడియోవాళ్లు చెప్పే మూడో మాట గౌరవంగా వినాల్సినది: మా కన్నే మాకు కొలబద్ద, ముప్పై ఏళ్లుగా ప్రింట్లు చూస్తున్నాం. వాళ్లలో చాలామందికి చర్మం మీద కర్సర్ పెట్టి అంకెలు చదివి, ఎరుపు ఎంతుందో, నీలం ఎంతకు తగ్గాలో చూసుకునే అలవాటుంది. అది మంచి పద్ధతి, ఎంత పాడు మానిటర్ మీదైనా పనిచేస్తుంది. కానీ కన్ను కొలబద్ద అవ్వదు, దాని స్వభావమే అందుకు విరుద్ధం. పాత పసుపు బల్బు కింద తెల్లకాగితం పెట్టినా మనకు తెల్లగానే అనిపిస్తుంది, ఎందుకంటే మెదడు ఆ పసుపును తీసేసి చూపిస్తుంది. ఇదే గుణం తెర ముందూ పనిచేస్తుంది. మానిటర్ నీలంగా ఉంటే పావుగంటలో కన్ను చాలావరకు సర్దుకుపోయి ఆ నీలాన్ని గుర్తించడం మానేస్తుంది. సర్దుకోకుండా మిగిలిన కాస్త నీలానికి విరుగుడుగా దిద్దే ప్రతి ఫొటోలో పసుపు కలుపుతూ పోతాడు, తను కలుపుతున్నానని తెలియకుండా. అనుభవం దీన్ని తగ్గించదు. కిరాణా కొట్టువాడికి చేతి అంచనా ఎంత బాగున్నా కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర తప్పదు కదా, తెరకూ అలాంటి ముద్ర ఒకటి కావాలి.

ఆ ముద్ర వేసే పరికరం క్యాలిబ్రేటర్. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. తెర మీద ఆనించి పెడితే సాఫ్ట్‌వేర్ వరసగా రంగులు చూపిస్తుంది, పరికరం కొలిచి ఏ రంగు ఎంత పక్కకు పోతోందో రాసుకుంటుంది, ఆ తేడాను సరిచేసే ప్రొఫైల్ ఒకటి తయారవుతుంది. పావుగంట పని. తెల్లదనం 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు 100 నుంచి 120 నిట్స్ అని ఇస్తే చాలు. తెర వెనక వెలిగే బ్యాక్‌లైట్ వాడేకొద్దీ మసకబారి రంగు మారుతుంది కాబట్టి నెలకో రెండు నెలలకో ఒకసారి మళ్లీ చేయాలి. డేటాకలర్ స్పైడర్, క్యాలిబ్రైట్ పేర్లతో ఇవి దొరుకుతాయి, ధర సుమారుగా 15,000 నుంచి 25,000 రూపాయలు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు: పదిహేను వేల మానిటర్‌కు ఇరవై వేల పరికరమా? ఒక్కడే కొనాలంటే ఆ ప్రశ్న సబబే. కానీ నెలకు పావుగంట వాడే వస్తువును ఒక్కడే ఎందుకు కొనాలి? మన రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు ప్రతి పట్టణంలో ఫొటోగ్రాఫర్ల సంఘాలున్నాయి. ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం జరుపుతాయి, ఆపదలో ఉన్న సభ్యుడికి చందాలు వేసుకుంటాయి. ఇరవై మంది తలా వెయ్యి వేసుకుంటే ఒక క్యాలిబ్రేటర్ వస్తుంది. గ్రేమ్ గిల్ రాసిన ఆర్గిల్ సీఎంఎస్, దాని మీద కట్టిన డిస్‌ప్లే క్యాల్ ఉచితంగా దొరికే ప్రోగ్రాములు, చాలా పరికరాలతో పనిచేస్తాయి, ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నా అడిగేవాళ్లు లేరు. మానిటర్ మీద అయిదు వేలు తగ్గించుకుని అయినా ఈ వెయ్యి రూపాయల వాటా పెట్టమంటాను. కొలిచిన పది వేల మానిటర్ కొలవని ముప్పై వేల మానిటర్ కంటే ఎక్కువ నమ్మకమైనది.

పరికరం అందని చోట కూడా చేతులు ముడుచుకోనక్కరలేదు. మొహాలు, తెల్లబట్టలు, నల్లజుట్టు, బూడిద రంగు మెట్లు ఉన్న ఒక ఫైలు ఏ దిద్దుబాటూ లేకుండా ల్యాబులో ప్రింట్ వేయించుకుని, మంచి వెలుతురులో దాన్ని మానిటర్ పక్కన పట్టుకుని, రెండూ దగ్గరపడే దాకా బ్రైట్‌నెస్ తగ్గించుకోవచ్చు. రంగు పూర్తిగా కలవదు, వెలుగు మాత్రం కలుస్తుంది, సగం గొడవ అక్కడే తీరుతుంది. గది సంగతీ అంతే. కిటికీ వెలుగు నేరుగా తెర మీద పడకూడదు. మానిటర్ వెనక గోడకు గులాబీ, చిలకపచ్చ లాంటి ముదురు రంగులు వేసి ఉంటే చూపు వాటి వైపు వంగుతుంది, లేత బూడిద రంగు వేయించుకుంటే ఖర్చు ఒక డబ్బా పెయింట్. పగలు ఒక వెలుతురులో, రాత్రి ఇంకో వెలుతురులో దిద్దితే ఒకే పెళ్లి ఆల్బమ్‌లో రెండు రంగులు కనిపిస్తాయి.

పాత మానిటర్ల మాట కూడా చెప్పుకోవాలి. ఐటీ కంపెనీలు కార్యాలయాలు మార్చినప్పుడల్లా డెల్ అల్ట్రాషార్ప్ లాంటి మంచి ఐపీఎస్ తెరలు గుట్టలుగా సెకండ్ హ్యాండ్ బజారుకు వస్తాయి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొత్త చవక మానిటర్‌లో సగం ధరకే దొరుకుతాయి. చిక్కేమిటంటే, ఆఫీసులో రోజంతా వెలిగిన తెర కాబట్టి బ్యాక్‌లైట్ అరిగి ఉంటుంది. తెల్ల పేజీ ఒకటి నిండుగా పెట్టి చూడాలి. ఒక మూల పసుపుగా, ఇంకో మూల తెల్లగా ఉంటే ఏ క్యాలిబ్రేటరూ దాన్ని బాగుచేయలేదు, ఎందుకంటే అది తెర మధ్యలో ఒక్కచోటే కొలుస్తుంది. బూడిద రంగు పేజీ పెడితే మచ్చలు, చారలు ఇంకా తేటగా కనిపిస్తాయి. కొత్త మానిటర్‌కు కూడా వెనక్కి ఇచ్చే గడువు లోపల ఈ పరీక్ష చేయాలి, గడువు దాటితే వారంటీ వాళ్లతో వాదించుకోవడమే పని.

ఇంతా చేసి కొనేవాడి నెత్తినే మొత్తం భారం పెట్టడం న్యాయం కాదు. అమ్మేవాళ్లు ఎస్ఆర్‌జీబీ కవరేజ్ అంకెను హెర్ట్జుల కింద ఎక్కడో కాకుండా ధర పక్కనే చూపించాలి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ ల్యాప్‌టాప్‌ను క్రియేటర్ల కోసం అని పేరు పెట్టి అమ్మడం ఆపాలి. ఆల్బమ్ ల్యాబులకైతే ఇందులో సొంత లాభమే ఉంది. ప్రతి రీప్రింట్‌కూ కాగితం, రసాయనాలు, కొరియర్ ఖర్చు వాళ్లకీ పడుతుంది. కొత్తగా ఖాతా తెరిచిన ప్రతి స్టూడియోకూ ఒక పరీక్ష ఫైలు, ఆ ఫైలును తమ మెషీన్ మీద వేసిన ఒక ప్రింట్ కలిపి ఇస్తే అయ్యే ఖర్చు కొద్ది పదుల రూపాయలు. అందులో చామనఛాయ మొహం ఒకటి, నల్లటి మొహం ఒకటి, మధుపర్కం తెలుపు, నెమలికంఠం పట్టు ఉండాలి. కాగితం రకం మార్చినప్పుడల్లా కొత్త ప్రింట్ పంపాలి, మెషీన్ ప్రొఫైల్‌ను అడిగినవాళ్లకు దాచకుండా ఇవ్వాలి. సంఘాలు ల్యాబులతో రేట్ల గురించి మాట్లాడే సమావేశాల్లో దీన్ని కూడా ఒక డిమాండ్‌గా పెట్టవచ్చు, వచ్చే పెళ్లిళ్ల సీజన్‌కు ముందే.